చొక్కా మీద బొమ్మ మారితే కోపమెందుకు?

మీ జేబులో రూపాయి బిళ్ల ఉందా? ఉంటే బయటికి తీయకండి. దాన్ని అక్కడే ఉండనిచ్చి, ఒక కాగితమూ పెన్సిలూ తీసుకోండి. రూపాయి బిళ్లకు రెండు వైపులా ఏమేమి ఉంటాయో జ్ఞాపకం మీద బొమ్మ గీయండి. సింహాల బొమ్మ ఎక్కడ ఉంటుంది? దాని కింద ఏం రాసి ఉంటుంది? సంవత్సరం ఏ వైపున, ఏ మూల వేస్తారు?

గీశారా? ఇప్పుడు బిళ్ల తీసి పక్కన పెట్టి చూడండి. నవ్వొస్తోంది కదూ! పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చూస్తున్న వస్తువే. దాని బొమ్మ మాత్రం మనకు సరిగా రాదు.

సిగ్గుపడనక్కరలేదు. 2015లో అమెరికాలో లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు ఇలాంటి పరీక్షే ఒకటి చేశారు. ఆపిల్ కంపెనీ గుర్తు మీకు తెలిసే ఉంటుంది. ఒక పక్క కొరికిన పండు, పైన ఒక ఆకు, అంతే. దాన్ని చూడకుండా గీయమని 85 మంది విద్యార్థులను అడిగారు. తప్పు లేకుండా గీసినది ఒకే ఒక్కరు! సరే, గీయడం రాకపోవచ్చు, గుర్తు పట్టండి అని, కొద్దికొద్ది తేడాలున్న బొమ్మల మధ్య అసలు గుర్తును కలిపి చూపించారు. సగం మంది కూడా గుర్తు పట్టలేకపోయారు.

ఈ సంగతి మనసులో పెట్టుకోండి. ఇప్పుడు మనం ఇంగ్లండు వెళ్లి ఒక పెద్ద గొడవ చూద్దాం.

అక్కడ యార్క్‌షైర్ ప్రాంతంలో లీడ్స్ అనే నగరం ఉంది. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు లీడ్స్ యునైటెడ్ 1919లో పుట్టింది. నూరేళ్ల పండుగ దగ్గర పడుతోందని క్లబ్బువారు కొత్త చిహ్నం వేయించి, 2018 జనవరి 24న లోకానికి చూపించారు. డాలు ఆకారంలో ఒక మనిషి ఛాతీ, దాని మీద ఎడమ వైపున బిగించిన పిడికిలి. లీడ్స్ అభిమానులు ఒకరికొకరు చేసుకునే వందనం అది. ఆరు నెలలు పరిశోధన చేశామనీ, పదివేల మంది అభిప్రాయాలు తీసుకున్నామనీ క్లబ్బు చెప్పుకుంది.

అభిమానులు చూశారు. గుండెల్లో మంటకు అమ్మే మందు ప్రకటనలా ఉందన్నారు. అక్కడితో ఊరుకోలేదు, ఈ బొమ్మ మాకు వద్దంటూ ఇంటర్నెట్‌లో ఒక మహజరు పెట్టారు. చూస్తుండగానే సంతకాలు 50 వేలు దాటాయి. లీడ్స్ జట్టు ఆడే ఎలండ్ రోడ్ స్టేడియంలో కూర్చోగలిగేది 38 వేల మంది లోపే! స్టేడియం నిండి పొంగి పొర్లినంత కోపమన్నమాట. క్లబ్బువారు వెంటనే వెనక్కి తగ్గారు. మళ్లీ అందరినీ సంప్రదిస్తామన్నారు. చివరకు పాత చిహ్నమే నిలిచింది. యార్క్‌షైర్ గుర్తయిన తెల్ల గులాబీ ఉన్న డాలు అది.

ఆ పాత చిహ్నం వయసెంతో తెలుసా? నూరేళ్లు కాదు, యాభై కాదు. అది వచ్చింది 1998లో. అప్పటికి ఇరవై ఏళ్లు నిండాయి, అంతే. అంతకు ముందు లీడ్స్ చొక్కాల మీద గుడ్లగూబ ఉండేది, ఇంగ్లీషు అక్షరాలు రెండు కలిసి నవ్వు ముఖంలా కనిపించే బొమ్మ ఉండేది, ఇంకా ఏవేవో ఉండేవి. "మా సంప్రదాయాన్ని ముట్టుకోకండి" అని జనం పోట్లాడినది ఒక కాలేజీ కుర్రవాడి వయసున్న సంప్రదాయం కోసం.

రోజూ చూసినా సరిగా గీయలేని బొమ్మ, పైగా అంత పాతదీ కాదు. అది మారితే అంత కోపం ఎందుకు?

టర్కీ మాటల ప్రకటన

మనస్తత్వ శాస్త్రజ్ఞుల దగ్గర ఈ ప్రశ్నకు ఒక జవాబు చాలాకాలంగా ఉంది. పోలండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన రాబర్ట్ జాయన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1968లో కొన్ని ప్రయోగాలు ప్రకటించాడు. అర్థం లేని మాటలు, చైనా లిపిని పోలిన అక్షరాలు, ముక్కూ మొహం తెలియని మనుషుల ఫొటోలు తీసుకున్నాడు. కొన్నిటిని ఒక్కసారే చూపించాడు, కొన్నిటిని రెండుసార్లు, కొన్నిటిని ఐదుసార్లు, కొన్నిటిని పాతికసార్లు. ఆ తరువాత, ఇది మంచి అర్థం ఇచ్చే మాటా, చెడ్డ అర్థం ఇచ్చే మాటా అని అడిగాడు. ఈ ముఖం మీకు ఎంత నచ్చింది అని అడిగాడు. ఎక్కువసార్లు కనిపించిన వాటికే ఎక్కువ మార్కులు పడ్డాయి. ఆ మాటలు ఎవరికీ మేలు చేయలేదు, ఆ ముఖాలు ఎవరితోనూ మాట్లాడలేదు. పదే పదే కంటపడ్డాయి, అంతే!

ఆ మరుసటి ఏడు వచ్చిన ప్రయోగం మరీ ముచ్చటైనది. మిషిగన్ రాష్ట్రంలోని రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థి పత్రికలలో వింత ప్రకటనలు వచ్చాయి. ఒక చిన్న చదరం, అందులో "కడిర్గా" అనో "సారిజిక్" అనో టర్కీ భాషలా వినిపించే ఒక మాట. దేనికి ప్రకటనో, ఎవరు వేశారో ఏమీ లేదు. కొన్ని మాటలు రోజూ వచ్చాయి, కొన్ని ఒకటి రెండుసార్లు వచ్చి మాయమయ్యాయి. కొన్ని వారాల తరువాత విద్యార్థులను అడిగితే, ఎక్కువసార్లు అచ్చయిన మాటలకే మంచి అర్థం ఉండి ఉంటుందని అన్నారు.

మీలో చురుకైనవారు వెంటనే అడ్డు తగులుతారు. ఆ మాటల చప్పుడే బాగుందేమో, అందుకే నచ్చిందేమో అంటారు. మంచి ప్రశ్న. ప్రయోగం చేసినవారికీ ఇది తట్టింది. అందుకే వారు ఒక ఉపాయం చేశారు. మొదటి పత్రికలో రోజూ వచ్చిన మాట రెండో పత్రికలో అరుదుగా వచ్చేట్టు, ఇక్కడ అరుదైనది అక్కడ రోజూ వచ్చేట్టు తారుమారు చేశారు. ఒక చోట నచ్చిన మాట రెండో చోట అంతగా నచ్చలేదు. కాబట్టి గొప్పతనం మాటలో లేదు, కనిపించడంలో ఉందని తేలింది.

"ఫొటోలో నేను బాగా రాలేదు" అని మీరెప్పుడైనా అనుకున్నారా? 1977లో జరిగిన ఒక ప్రయోగం దీని గుట్టు కూడా విప్పింది. మన ముఖం మనకు తెలిసింది అద్దంలో, అంటే కుడి ఎడమలు తారుమారై. మన స్నేహితులు చూసేది తిన్నగా. ఒకే ఫొటోను తిన్నగా ఒకటి, తిరగేసి ఒకటి అచ్చు వేసి చూపిస్తే, ఎవరి ముఖం వారికి తిరగేసినదే ఎక్కువ నచ్చింది. స్నేహితులకేమో తిన్నగా ఉన్నదే నచ్చింది. ఎవరికి అలవాటైనది వారికి అందం.

అయితే చిహ్నాల గొడవ తేలిపోయినట్టేనా? పాతది లెక్కలేనన్ని సార్లు చూశారు, కొత్తది ఒక్కసారి చూశారు, అందుకే నచ్చలేదు, కొన్నాళ్లు ఓపిక పడితే అదే సర్దుకుంటుంది అనవచ్చునా? అనవచ్చుననే రుజువులూ ఉన్నాయి. ఇటలీలో జువెంటస్ క్లబ్బు 2017 జనవరిలో తన పాత డాలు బొమ్మ తీసేసి, రెండు గీతలతో ఇంగ్లీషు "జె" అక్షరం మాత్రం పెట్టుకుంది. ఎగతాళి చేయనివారు లేరు. క్లబ్బు చలించలేదు, ఆ ఏడు కొత్త సీజను నుంచి అదే చొక్కాల మీదికి వచ్చింది, నిలిచిపోయింది. కానీ ఒకటి గమనించండి. జువెంటస్ చొక్కా మీది నలుపు తెలుపు చారలు 1903 నుంచీ ఉన్నవి. ఆ మార్పులో వాటి జోలికి ఎవరూ పోలేదు.

జోలికి పోయిన చోట ఏమైందో చూద్దాం.

నీలి పిట్టలు, ఎర్ర డ్రాగన్

వేల్స్ రాజధాని కార్డిఫ్. ఆ ఊరి జట్టు కార్డిఫ్ సిటీ 1899లో పుట్టినప్పుడు వేరే పేరుతో, కాఫీ రంగు పసుపు కలిసిన చొక్కాలతో ఆడేది. పదేళ్లు గడిచాక నీలం రంగుకు మారింది. 1911లో ఆ ఊళ్లో "నీలి పిట్ట" అనే నాటకం ఆడారనీ, అప్పటి నుంచి జట్టుకు "నీలి పిట్టలు" అనే ముద్దుపేరు వచ్చిందనీ చెబుతారు. 1927లో ఆ నీలి పిట్టలు లండన్ వెళ్లి ఆర్సెనల్‌ను ఓడించి ఎఫ్.ఎ. కప్పు ఎత్తుకు వచ్చాయి. ఆ కప్పు ఇంగ్లండు పొలిమేర దాటడం అదొక్కసారే. కార్డిఫ్ పిల్లలు ఈ కథ వింటూ పెరుగుతారు.

2012లో క్లబ్బు మలేషియా వ్యాపారి విన్సెంట్ టాన్ చేతిలో ఉంది. అప్పులు చాలా ఉన్నాయి. చొక్కాలు ఎరుపు చేస్తాము, చిహ్నంలో డ్రాగన్‌ను పెద్దగా వేసి పిట్టను చిన్నది చేస్తాము అని ఒక ప్రతిపాదన వచ్చింది. ఎరుపు శుభమనీ, ఆసియా దేశాలలో క్లబ్బుకు పేరు వస్తుందనీ వాదన. మే నెలలో ఈ మాట బయటికి పొక్కగానే అభిమానులు గోల చేశారు, ప్రతిపాదన ఆగింది. జూన్‌లో మళ్లీ వచ్చింది, ఈసారి ఖాయమైంది. డబ్బు పెట్టే మనిషి పోతే క్లబ్బే ఉండదేమో, రంగుకేముంది అని సర్దుకున్న అభిమానులూ ఉన్నారు. వారిని తప్పు పట్టలేం. ఇల్లు జప్తుకు వచ్చేలా ఉన్నప్పుడు గోడల రంగు గురించి ఎవరు పోట్లాడతారు?

శాస్త్రం చదివేవారికి ఇది దేవుడిచ్చిన ప్రయోగం వంటిది. ఎందుకంటే, ఎరుపు రంగు వేల్స్ ప్రజలకు పరాయిది కాదు. వారి జాతీయ పతాకం మీద ఉన్నదే ఎర్ర డ్రాగన్. వారి జాతీయ జట్టు వేసుకునేదీ ఎర్ర చొక్కాయే. దేశం ఆడే రోజు ఎర్ర కండువా వేసుకుని అరిచే మనిషే, తన ఊరి జట్టుకు ఎరుపు వద్దంటున్నాడు. అదే కన్ను, అదే రంగు! కనుక గొడవ రంగుతో కాదు.

పోనీ, గెలుపు వస్తే కోపం పోతుందా? ఆ పరీక్షా జరిగింది. ఎర్ర చొక్కాలు వేసుకున్న మొదటి సీజనులోనే, 2013లో, కార్డిఫ్ తన లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. అగ్రశ్రేణిలో ఆ జట్టు అంతకు ముందు ఆడింది 1962లో. తాతలు చూసిన రోజు మనవలు చూశారు. అయినా నీలం కండువాలు స్టేడియంలో కనిపిస్తూనే వచ్చాయి. మైదానంలో ఎరుపు, మెట్ల మీద నీలం! మరుసటి ఏడాది అదే ఎరుపుతో ఆడి, ఇరవై జట్లలో ఇరవయ్యవదై కిందికి దిగిపోయింది.

ఇక్కడ చిన్న పక్కమాట. ఎరుపుకు బలముందని శాస్త్రజ్ఞులే అన్నారని మీరు ఎక్కడైనా చదివి ఉండవచ్చు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్, కుస్తీ వంటి ద్వంద్వ పోటీలలో ఎవరికి ఎరుపు, ఎవరికి నీలం అన్నది ఏ ఎంపికా లేకుండా పంచారు. ఎరుపు వేసుకున్నవారు నూటికి 55 పోటీలు గెలిచారని 2005లో ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. సరే. కానీ ఒకే ఎరుపు ఒక ఏడు అందలం ఎక్కించి, మరుసటి ఏడు గోతిలో దించిన కార్డిఫ్ కథ చూశాక, చొక్కాలకు రంగు వేస్తే కప్పులు వస్తాయని నేనైతే నమ్మను.

ఎరుపు రెండున్నర సీజన్లు నడిచింది. ఇన్నిసార్లు కనిపించినా అలవాటు కాలేదేం? జాయన్స్ సూత్రం ఏమైంది? నిజానికి ఆ సూత్రానికి ఒక షరతు ఉంది. 1970ల మొదట్లోనే ఇతర శాస్త్రజ్ఞులు దాన్ని పరీక్షించి చూశారు. మొదటిసారి చూసినప్పుడు ఇష్టమూ అయిష్టమూ ఏదీ లేకపోతే, చూడగా చూడగా ఇష్టం పెరుగుతుంది. మొదటిసారే గట్టిగా రోత పుడితే, చూసిన కొద్దీ రోత పెరగవచ్చు. గిట్టనివాడు రోజూ ఎదురుపడితే మనకు ముద్దొస్తాడా? ఇదీ అంతే.

అయితే మొదటిసారే అంత గిట్టకపోవడం దేనివల్ల?

"మేము గెలిచాం, వాళ్లు ఓడారు"

అమెరికాలో రాబర్ట్ చాల్డీనీ అనే శాస్త్రజ్ఞుడూ అతని తోటివారూ 1976లో ఒక తమాషా లెక్క ప్రకటించారు. ఏడు విశ్వవిద్యాలయాలలో, శనివారం ఫుట్‌బాల్ ఆట అయ్యాక సోమవారం తరగతికి వచ్చిన విద్యార్థుల దుస్తులు గమనించారు. తమ జట్టు గెలిచిన వారం, విశ్వవిద్యాలయం పేరో గుర్తో ఉన్న చొక్కాలు ఎక్కువ కనిపించాయి. తరువాత విద్యార్థులకు ఫోను చేసి ఆట సంగతులు అడిగారు. గెలిచిన ఆట గురించి చెప్పేటప్పుడు "మేము గెలిచాం" అన్నవారు ఎక్కువ. ఓడిన ఆటకు వచ్చేసరికి ఆ "మేము" తగ్గిపోయి, "వాళ్లు ఓడారు" అనడం వినిపించింది.

మీరూ ఇంట్లో పరీక్షించవచ్చు. 2009లో ఐపీఎల్ కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్ 2012తో కనుమరుగైంది. 2013 నుంచి హైదరాబాదుకు సన్‌రైజర్స్ వచ్చింది. యజమాని వేరు, పేరు వేరు, రంగు వేరు. మీ బాబాయినో మామయ్యనో అడగండి: 2009 కప్పు "మనది" అంటారా, "వాళ్లది" అంటారా? ఎవరే మాట అన్నారో రాసుకోండి.

ఆ "మేము" అనే మాటలో చొక్కా రంగూ చిహ్నమూ కలిసిపోయి ఉంటాయి. ఆటగాళ్లు నాలుగేళ్లకు వెళ్లిపోతారు, శిక్షకులు మారతారు, యజమానులూ మారతారు. తాత చూసిన జట్టుకూ మనవడు చూసే జట్టుకూ మధ్య చెక్కుచెదరక మిగిలేది ఆ రంగు ఒక్కటే. కాగితాల మీద క్లబ్బు విన్సెంట్ టాన్‌ది. నీలం మాత్రం తమది అనుకున్నారు జనం. తమ వస్తువుకు తమను అడగకుండా మరొకరు రంగు వేస్తే ఎలా ఉంటుంది? మీ సైకిలు మీద ఇలాంటి ప్రయోగం జరిగితే తెలుస్తుంది.

అడిగి చేస్తే సరిపోతుందా మరి? లివర్‌పూల్ నగరంలోని ఎవర్టన్ క్లబ్బు కథ సరిపోతుందనే అంటుంది. వారి చిహ్నంలో ఒక గుండ్రని రాతి బురుజు ఉంటుంది. 1787లో కట్టిన లాకప్పు అది, తాగి అల్లరి చేసేవారిని రాత్రికి పెట్టే కొట్టు! 2013 మేలో క్లబ్బు కొత్త చిహ్నం చూపించింది. బురుజు ఉంది గాని, దాని పక్కనుండే ఆకుల దండలు లేవు, "అత్యుత్తమం తప్ప మరేదీ చాలదు" అనే అర్థం వచ్చే లాటిన్ మాట లేదు. చిన్న తెరల మీద స్పష్టంగా కనబడాలంటే బొమ్మ తేలికగా ఉండాలని క్లబ్బు వాదన. ఆ వాదనలో పస లేకపోలేదు. మీ పాఠశాల చిహ్నాన్ని చిటికెన వేలి గోరంత చేసి గీసి చూడండి, అందులోని సూక్తి ఏమవుతుందో! కానీ ఇరవై వేలకు పైగా సంతకాలు వచ్చాయి. క్లబ్బు క్షమాపణ చెప్పుకుంది. చొక్కాలు తయారీకి వెళ్లిపోయినందున ఆ ఒక్క సీజనూ ఆ బొమ్మతోనే ఆడి, ఈలోగా మూడు నమూనాలు అభిమానుల ముందు పెట్టి ఓటు వేయమంది. దండలూ లాటిన్ మాటా తిరిగి వచ్చిన నమూనా నూటికి డెబ్బై అయిదుకు పైగా ఓట్లతో గెలిచి 2014లో చొక్కాల మీదికి వచ్చింది. అదీ పాత బొమ్మ కాదు, కొత్తదే. అయినా మహజరు రాలేదు.

కానీ లీడ్స్ క్లబ్బు కూడా పదివేల మందిని అడిగింది కదా అంటారా? నిజమే. ఒకటే తేడా కనిపిస్తుంది. "మీకు క్లబ్బు అంటే ఏమిటి?" అని అడగడం వేరు, "ఇదిగో మూడు బొమ్మలు, ఏది ఉంచమంటారు?" అని అడగడం వేరు. మొదటి ప్రశ్నకు ఎవరైనా "గుండె", "గర్వం" అనే చెబుతారు. ఆ జవాబులోంచి ఛాతీ మీద పిడికిలి పుడుతుందని వారు కలలో కూడా అనుకోరు.

కార్డిఫ్‌లో ఎరుపు 2015 జనవరి వరకూ ఉంది. తన తల్లి భక్తురాలైన బౌద్ధురాలనీ, కలిసిమెలిసి ఉండడం ముఖ్యమని ఆమె తనతో అన్నదనీ చెబుతూ టాన్ జనవరి 9న నీలం తిరిగి ఇచ్చేశాడు. మరునాడే ఫుల్హమ్ జట్టుతో ఆట. పొద్దు వాలే వేళకు మైదానమూ మెట్లూ ఒకే రంగులో ఉన్నాయి. రెండు నెలల తరువాత వచ్చిన కొత్త చిహ్నంలో నీలి పిట్ట మళ్లీ పెద్దదై నడిమికి వచ్చింది. డ్రాగన్ పూర్తిగా పోలేదు, అడుగున చిన్నదై ఉంది.

ఇక మీరు చేయగల ప్రయోగం. తరగతిలో ఇరవై మందికి తెల్ల కాగితాలు ఇచ్చి, పాఠశాల చిహ్నాన్ని చూడకుండా గీయమనండి. ఎందరు సరిగా గీశారో లెక్కపెట్టి ఉంచండి. తరువాత అదే చిహ్నంలో ఒక చిన్న మార్పు చేసి, ఒక దీపం తీసేసో, అక్షరం మార్చో, "వచ్చే ఏడు నుంచి ఇదేనట" అని చూపించండి. గీయలేకపోయినవారిలో ఎందరు వద్దంటారో రాసుకోండి. వేరే తరగతిలో ఇంకో ఇరవై మందికి అదే మార్పు చూపిస్తూ, "ఇది ఉంచుదామా, పాతదే ఉంచుదామా, మీరు చెప్పండి" అని అడగండి. ఆ రెండు తరగతుల లెక్కలూ పక్కపక్కన వేసి చూడండి. ప్రయోగం అయ్యాక ఇదంతా ఉత్తుత్తిదని అందరికీ చెప్పడం మాత్రం మరిచిపోకండి. లేకపోతే మహజరు హెడ్మాస్టరుగారి బల్ల మీదికి చేరుతుంది.